మచ్చలేని నెత్తురు

ఆ జిల్లా మలేరియా కార్యాలయంలో దోమకన్నా కాగితానికి ఎక్కువ భయపడేవారు.

నెత్తురు పరీక్షలో జబ్బు లేదని తేలితే రిజిస్టరులో ఒక గీత గీస్తే చాలు. జబ్బు ఉందని తేలితే మాత్రం పైవాళ్ళకు సంజాయిషీ రాయాలి. మూడు ప్రతులు. ఈ రోగిని దోమ ఎందుకు కుట్టింది, కుట్టకుండా మీరు తీసుకున్న చర్యలేమిటి, చర్యలు తీసుకున్నా కుట్టిందంటే మీమీద చర్య ఎందుకు తీసుకోరాదు. ఇలా పదకొండు ప్రశ్నలు. పదకొండింటికీ జవాబు దోమకే తెలుసు.

అందుకని ఆ ఆఫీసులో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. జబ్బున్న మనిషికి కింది సిబ్బందే గుట్టుగా మాత్రలిచ్చి పంపేవారు. అతని నెత్తురు పూసిన గాజుముక్కను వెనక గదిలో చెక్కపెట్టెలో దాచేవారు. పైనుంచి ఎవరైనా నమూనాకు స్లైడ్లు అడిగితే శుభ్రంగా ఉన్నవే వెళ్ళేవి. మరీ సున్నా అంటే ఎవరూ నమ్మరని నెలకు ఒకటో రెండో జబ్బులు కాగితంమీద మాత్రం ఒప్పుకునేవారు. ముప్పై ఏళ్ళలో ఒక్క జబ్బు స్లైడు కూడా ఆ ఆఫీసు గడప దాటి పైకి పోలేదు.

ఆ పెట్టెలు సర్దేది అటెండరు తవిటయ్య. మూడో తరగతిదాకా చదువుకున్నాడు. మాట తక్కువ. స్లైడ్లు కడగడం, మైక్రోస్కోపు అద్దాలు తుడవడం అతని పని. తుడిచే గుడ్డ భార్య ఎర్నమ్మ పాత నేతచీర ముక్క. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది. తుడిచాక సరిగ్గా తుడిచానా లేదా అని గొట్టంలో కన్నుపెట్టి చూసుకునేవాడు. అలా చూసి చూసి జబ్బును పోల్చడం వచ్చేసింది. ఎర్రకణం లోపల సన్నని నీలం ఉంగరం, దానికి పొదిగినట్టు ఒక కెంపు చుక్క. అదే జబ్బు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

మైక్రోస్కోపు పాతది. నడిమధ్య బాగానే కనబడేది. అంచుల్లో మాత్రం కణాలు దోసగింజల్లా సాగిపోయేవి, చుట్టూ ఊదారంగు కమ్మేది. ల్యాబ్ టెక్నీషియన్ నూకరత్నం దానికి అలవాటు పడిపోయింది. స్లైడును వేలితో నెట్టి కావలసిన కణాన్ని మధ్యకు తెచ్చుకుని చూసేది. ఆ పని ఆమెకు పిల్లికి పాలు పట్టినంత సులువు.

ఈ దోసగింజల సంగతి ఒక వార్షిక నివేదికలో పొరపాటున పడింది. దాంతో యంత్రం వచ్చింది.

యంత్రంతోపాటు రాజధాని నుంచి సుహాస్ అనే నిపుణుడు కూడా వచ్చాడు. చొక్కా మడత నలగని మనిషి. జిల్లా మలేరియా అధికారి డాక్టర్ దక్షిణామూర్తి గారు అందరినీ పిలిచి, యంత్రానికి పసుపు కుంకుమ పెట్టించి, కొబ్బరికాయ తనే కొట్టారు.

"ఇది నేర్చుకునే యంత్రమండి," అన్నాడు సుహాస్. "మంచి స్లైడ్ల బొమ్మలు పదివేలు చూపిస్తే, మంచి బొమ్మ ఎలా ఉండాలో దానంతటదే నేర్చుకుంటుంది. ఆ తర్వాత మీ పాత అద్దం ఎంత వంకరగా చూపించినా, వంకర తీసేసి, ఎలా ఉండాలో అలా తెరమీద చూపిస్తుంది."

నూకరత్నం చెయ్యెత్తింది. "ఎలా ఉందో అలాగా సార్, ఎలా ఉండాలో అలాగా?"

సుహాస్ నవ్వాడు. "రెండూ ఒకటే మేడమ్."

దక్షిణామూర్తి గారు గొంతు సవరించుకున్నారు. "దార్శనిక వక్రతలను నిర్మూలించి ప్రామాణిక దృష్టిని ప్రతిష్ఠించుటకై ఈ కార్యాలయం కృతనిశ్చయమై యున్నది. యంత్రానికి అక్షరాభ్యాసం నిమిత్తం పదివేల నమూనా స్లైడ్లు తక్షణం సిద్ధపరచండి. ఒక్కదానిలోనూ మచ్చ ఉండరాదు."

మచ్చ ఉండరాదన్నాక ఇంకేముంది. నూకరత్నం ఏరింది, తవిటయ్య పెట్టెల్లో సర్దాడు. జిల్లాలోని ఏడు ల్యాబుల నుంచీ అలాగే వచ్చాయి. పదివేల స్లైడ్లలో ఒక్క ఉంగరం లేదు. తవిటయ్యకు అది తెలుసు. ఒకసారి నూకరత్నం ముఖం చూశాడు. ఆమె కూడా అతని ముఖం చూసింది.

"సంజాయిషీ నువ్వు రాస్తావేటి బాబాయ్?" అంది.

తవిటయ్య పెట్టె మూత వేశాడు.

యంత్రం పదిహేను రోజుల్లో చదువు ముగించింది. మైక్రోస్కోపు పక్కగొట్టానికి కెమెరా బిగించి తెర వెలిగించారు. ఎంత అందమో! కణాలన్నీ ఒకే సైజులో, ఒకే ఎరుపులో, మిషనులో ఆడించిన సెనగపప్పులా వరసగా. అంచుల్లో సాగడం లేదు. ఊదారంగు లేదు. దక్షిణామూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

నాలుగోరోజు నూకరత్నం కేకపెట్టింది. "సార్, ఇదేటి సార్! గొట్టంలో కన్నెట్టి సూస్తే ఉంగరం ఉంది. తెరమీద లేదు!"

సుహాస్ వచ్చాడు. గొట్టంలో చూశాడు. తెరవైపు చూశాడు. "చూశారా మేడమ్? యంత్రం ఎంత బాగా పనిచేస్తోందో! కణం లోపల ఆ నీలం గీత, ఎర్ర చుక్క, అదే వక్రత. పదివేల మంచి స్లైడ్లలో ఒక్కదాన్లోనైనా అది ఉందా?"

 లేదు మరి. నూకరత్నం తనే ఏరింది.

ఆ సాయంత్రమే నలభై ఏడో నంబరు ఉత్తర్వు రాజధాని నుంచి శాఖ సంచాలకుల సంతకంతో వచ్చింది. ఒకే స్లైడు కంటికి ఒకలా, తెరకు ఒకలా కనబడడం వల్ల సిబ్బందిలో ద్వంద్వదృష్టి ఏర్పడుతోంది. కన్ను సైతం ఒక కటకమే. అది ఎన్నడూ సరిదిద్దబడలేదు. కనుక ఇకమీదట తెరపై కనబడినదే సత్యం. కంటితో చూచుట క్రమశిక్షణా చర్యకు పాత్రము.

మరునాడు కన్ను పెట్టే గొట్టాలకు లక్క కరిగించి పోసి సీలు వేశారు. తవిటయ్య గుడ్డను కూడా స్వాధీనం చేసుకున్నారు. సరిదిద్దే యంత్రం ఉండగా అద్దం తుడవడం యంత్రాన్ని అనుమానించడమేనని దక్షిణామూర్తి గారు తేల్చేశారు. అద్దంమీద దుమ్ము పేరుకుంది. తెరమీద బొమ్మ మాత్రం ఇంకా మెరిసింది.

ఆ నెల జిల్లాలో మలేరియా సున్నా.

పై నెల కూడా సున్నాయే. పేపర్లో దక్షిణామూర్తి గారి ఫోటో వేశారు. ఆ ఫోటోను కూడా ముందు యంత్రంలో పెట్టి సరిచేసి ఇవ్వబోయారు. ముఖం స్థానంలో గుండ్రంగా ఎర్రగా ఒక కణం వచ్చింది. దక్షిణామూర్తి గారు దాన్ని కాసేపు చూసి, "ఆరోగ్యంగానే ఉన్నాను," అని సంతోషించి, పాత ఫోటోనే పంపారు. మురుగుకాల్వల ఫోటోలు కూడా యంత్రంలో పెట్టమన్నారు. కాల్వలన్నీ ఎర్రటి గుండ్రాల వరసలుగా వచ్చాయి. "దోమ పిల్లలు మచ్చుకైనా లేవు," అని ఫైలులో రాసి సంతకం పెట్టారు. నిజమే, వెతికినా లేవు.

జబ్బు లేదు కనుక మాత్రలతో పని లేదు. ఉపకేంద్రాల్లోని మాత్రలన్నీ వెనక్కు తెప్పించి ఆఫీసు స్టోరు బీరువాలో పెట్టి తాళం వేశారు. తెరమీద జబ్బు కనబడిందని రాసిన కాగితం తెస్తేనే ఇవ్వాలి. మందుల దుకాణాలకు వేరే తాఖీదు వెళ్ళింది. జిల్లాలో లేని జబ్బుకు మందు అమ్మడం వదంతులు పుట్టించడమేనట. దుకాణాలవాళ్ళు మాత్రలు తిప్పి పంపేశారు. యంత్రం తమకూ రాబోతోందని విని పక్క జిల్లావాళ్ళు కూడా మాత్రలు ముందుగానే తీసేశారు.

కొండమీద ఊళ్ళనుంచి జనం మాత్రం రావడం మానలేదు. దుప్పట్లు కప్పుకుని, పళ్ళు టకటక కొట్టుకుంటూ ఆఫీసు అరుగుమీద కూర్చునేవారు. వాళ్ళకోసం రిజిస్టరులో కొత్త గడి తెరిచారు. పేరు 'చలి అనుభూతి'.

"వణుకు అనేది వ్యక్తిగత అభిప్రాయం," అని దక్షిణామూర్తి గారు సిబ్బందికి వివరించారు. "అభిప్రాయాలకు మనం వైద్యం చెయ్యలేము."

ఇదంతా జరుగుతున్నా తవిటయ్య తన పని తాను చేసుకున్నాడు. స్లైడ్లు కడిగాడు, నీళ్ళు తెచ్చాడు, ఇంటికి పోయాడు. ఒకరోజు ఇంటికి పోయేసరికి ఎర్నమ్మ పొయ్యి వెలిగించలేదు. మంచంమీద ముడుచుకుని పడుకుంది. మంచం కోళ్ళు కూడా కదులుతున్నాయి.

"ఏటయ్యా అలా నిలబడిపోనావు?" అంది. "సలేస్తంది. ఆ గోనె కూడా కప్పు."

గోనె కప్పాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. గంట తర్వాత చెమటలు పట్టి తగ్గింది. ఒకరోజు ఆగి మళ్ళీ అదే వేళకు వణుకు. మళ్ళీ ఒకరోజు ఆగి మళ్ళీ. ఈ లెక్క తవిటయ్యకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. మూడో వణుకుకి ఎర్నమ్మ లేచి గోడ పట్టుకుంది, గోడే పట్టుకుని ఉండిపోయింది. నడవలేకపోయింది.

తవిటయ్య ఆమె వేలు గుచ్చి గాజుముక్కమీద నెత్తురు తీసుకుని ఆఫీసుకు పట్టుకుపోయాడు. నూకరత్నం రంగు వేసి ఆరబెట్టి తెరకెక్కించింది. ఎర్రగా, గుండ్రంగా, సెనగపప్పులా వరసలు. మచ్చ లేదు.

"ఇంకోపాలి సూడమ్మా," అన్నాడు.

"ఎన్నిపాళ్ళు సూసినా ఇంతే బాబాయ్. దానికి తెలిసిందదే."

స్టోరు గదికీ ల్యాబుకీ మధ్య పదడుగుల వసారా. స్టోర్ కీపర్ కూర్మారావు బీరువాకు వీపు ఆనించి పేపరు చదువుకుంటున్నాడు.

"నాకు తెల్దేటి తవిటయ్యా, మీ ఆడమనిషి ఒళ్ళు బాగోలేదని?" అన్నాడు. "కానీ కాగితం లేనిదే మాత్ర బయటికొచ్చిందంటే నా పెన్షను లోపలికి పోద్ది. కాగితం తే. గుప్పెడిచ్చేస్తాను."

తవిటయ్య దక్షిణామూర్తి గారి గదికి వెళ్ళాడు. ముప్పై ఏళ్ళలో పిలవకుండా ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదటిసారి.

"ఏమయ్యా?"

"మా ఇంటిదానికి మలేరియా అండి."

"ఎక్కడ?"

"మా ఇంట్లోనండి."

దక్షిణామూర్తి గారు జాలిగా నవ్వారు. "మీ ఇల్లు ఏ జిల్లాలో ఉంది?"

"ఈ జిల్లాయేనండి."

"జిల్లాలో లేని జబ్బు నీ ఇంట్లోకి ఎలా వచ్చిందయ్యా? తర్కించి చూడు. పైగా పదిహేను రోజుల్లో సంచాలకులు గారు వస్తున్నారు. మచ్చలేని జిల్లా అని పతకం ఇవ్వడానికి. ఈ సమయంలో నీలాంటి సీనియర్ సిబ్బందే ఇలా అంటే ఎలా? పో, ఆవిడకి కాస్త మిరియాల చారు పట్టించు."

తవిటయ్య ల్యాబుకు తిరిగి వచ్చాడు. నూకరత్నం టీకి వెళ్ళింది. మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. బొటనవేలి గోరుతో లక్క అంచు గీకాడు. సీసామూతలా ఊడి వచ్చింది, ముక్కలవకుండా. కన్ను పెట్టాడు. దుమ్ములోంచి కనబడింది, నీలం ఉంగరం. కెంపు చుక్క. పక్క కణంలో ఇంకొకటి. ఎర్నమ్మ పెళ్ళినాడు కూడా ఇన్ని ఉంగరాలు పెట్టుకోలేదు.

లక్కమూతను యథాప్రకారం అంటించి లేచాడు.

రెండురోజుల తర్వాత సుహాస్ కంగారుగా వచ్చాడు. పతకం ఇచ్చేలోపు యంత్రానికి రెండో విడత చదువు చెప్పాలట. పాతవి చూసి చూసి దానికి కొత్తది ఎక్కడంలేదట. ఈసారి పాత చదువును పూర్తిగా తుడిచేసి మొదటినుంచీ నేర్పుతారట. నాలుగువేల నమూనా స్లైడ్లు రేపటికల్లా కావాలట.

"శుభ్రమైనవన్నీ మొదటిసారే ఇచ్చేశాం సార్," అంది నూకరత్నం. "కొత్తవి తియ్యాలంటే నెల పడతాది."

"నెలా!" దక్షిణామూర్తి గారు గావుకేక పెట్టారు. "వెనక గదిలో పెట్టెలు పేర్చి ఉన్నాయి కదా! అవేమిటి?"

నూకరత్నం నోరు తెరిచింది. అప్పుడు తవిటయ్య మాట్లాడాడు.

"స్లైడ్లేనండి. అయ్యగారు పరీక్ష సేసి సంతకమెడితే పంపేస్తానండి."

పెట్టెలు తెచ్చి వరసగా పెట్టాడు. ప్రతి మూతమీదా ఎర్ర చుక్క ఉంది. ముప్పై ఏళ్ళుగా జబ్బు స్లైడ్ల పెట్టెలకు గుర్తుగా పెడుతూ వచ్చిన చుక్క.

"బొట్టు పెట్టి మరీ దాచారా! భేష్," అన్నారు దక్షిణామూర్తి గారు. సుహాస్ తెచ్చిన ధ్రువపత్రం తీసుకున్నారు. 'ప్రతి స్లైడును స్వయముగా పరిశీలించి దోషరహితమని ధ్రువపరచడమైనది' అని ఉంది. స్లైడువైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కు తీసుకున్నారు. కంటితో చూడడం నిషేధం. తెరమీద చూద్దామంటే యంత్రం చదువుకని అప్పటికే రాజధానికి వెళ్ళింది. కలం తీసి సంతకం పెట్టేశారు.

పెట్టెలు జీపెక్కాక నూకరత్నం తవిటయ్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "బాబాయ్, అయ్యన్నీ ఉంగరాలే కదా!"

"అయ్యగారు సంతకమెట్టేరు కదమ్మా," అన్నాడు తవిటయ్య.

ఆ పదిరోజులూ ఎలా గడిచాయో అతనికే తెలుసు. ఎర్నమ్మ పసుపుపచ్చగా అయిపోయింది. గంజి నోట్లో పోస్తే సగం బయటికే వచ్చేది. ఒకనాడు అతన్ని గుర్తుపట్టక, "ఎవులు బాబూ నువ్వు, మా ఆయనింకా రాలేదు," అంది. తవిటయ్య గంజి గిన్నె కింద పెట్టి ఆమె కాళ్ళమీద గోనె సర్దాడు.

పతకం రోజు వచ్చింది. ఆఫీసు ముందు షామియానా, 'మచ్చలేని జిల్లా' అని బ్యానరు. అరుగుమీద దుప్పట్లవాళ్ళను షామియానా వెనక్కు తోశారు. సంచాలకులు గారు కారు దిగారు. పెద్ద తెర కట్టారు. యంత్రం రెండో చదువు ముగించుకుని పొద్దున్నే వచ్చింది.

"ఈ యంత్రరాజం యొక్క ప్రామాణికతను సభాముఖంగా నిరూపించుటకు," అన్నారు దక్షిణామూర్తి గారు, "శ్రీ సంచాలకుల వారు తమ పవిత్ర రక్తబిందువును ప్రసాదించ వలసిందిగా ప్రార్థన."

సంచాలకులు గారు నవ్వుతూ వేలిచ్చారు. నూకరత్నం గుచ్చింది. రంగు వేసింది. ఆరేదాకా ఒకాయన ప్రార్థనా గీతం పాడాడు. తెర వెలిగింది.

ఉంగరాలు. తెర నిండా ఉంగరాలు. కంసాలి కొట్టు తలుపులు తెరిచినట్టు.

 "ఇది... ఇది కేబుల్ సమస్య," అన్నాడు సుహాస్. కేబుల్ పీకి మళ్ళీ పెట్టాడు. ఉంగరాలు ఇంకా నిగనిగలాడాయి. దక్షిణామూర్తి గారు తన వేలు ఇచ్చారు. ఆయనకూ ఉంగరాలే. సుహాస్ తన వేలు తనే గుచ్చుకున్నాడు. అతనికి ఇంకా ఎక్కువ. నూకరత్నం ఏమీ అంటని స్లైడును నీళ్ళతో కడిగి తెరకెక్కించింది. దానికీ మలేరియా ఉంది.

"యంత్రం చెడిపోయినట్టుందయ్యా," అన్నారు సంచాలకులు గారు మెల్లగా.

అది సభలో ఒక విలేకరికి వినబడింది. "అయితే సార్, మూణ్ణెల్లుగా సున్నా అన్నది కూడా చెడిపోయేనా?"

సంచాలకులు గారు నుదురు తుడుచుకున్నారు. దక్షిణామూర్తి గారి చేతిలో నలభై ఏడో నంబరు ఉత్తర్వు ఉంది. చదవడానికని సభకు తెచ్చుకున్నారు. తెరపై కనబడినదే సత్యం. కింద సంతకం సంచాలకులు గారిదే.

"యంత్రం ఎన్నడూ చెడిపోదు," అన్నారు సంచాలకులు గారు లేచి నిలబడి. "ఇంతకాలం దాగి ఉన్న వ్యాధిని ఈ జిల్లా నేడు సాహసోపేతంగా వెలికితీసింది. పతకం యథాతథం. కాగితాలు రాయండి. బీరువా తెరవండి."

కూర్మారావు తాళం తీశాడు. వరస కట్టారు. ముందు సంచాలకులు గారు, వెనక దక్షిణామూర్తి గారు, ఆ వెనక సుహాస్, ప్రార్థనా గీతం పాడినాయన, విలేకరి. షామియానా వెనకనుంచి దుప్పట్లవాళ్ళు కూడా వచ్చి కలిశారు. వేలు చూపించినవాడికల్లా కాగితం. వరస చివర తవిటయ్య, చేతిలో ఎర్నమ్మ స్లైడు. తెరమీద ఒక్క క్షణం పెట్టింది నూకరత్నం. కాగితం చేతికిచ్చింది.

"కాగితం తెచ్చేవా," అన్నాడు కూర్మారావు. గుప్పెడిచ్చాడు.

తవిటయ్య పరుగు లాంటి నడకతో ఇంటికి పోయాడు. ఆ మధ్యాహ్నమే మొదటి మోతాదు మింగించాడు. చేదుకు ఎర్నమ్మ ముఖం ముడుచుకుంది. మూడోరోజు వణుకు వేళ వచ్చింది, పోయింది. మంచం కోళ్ళు కదలలేదు. ఐదోరోజు ఆమె లేచి కూర్చుంది.

"ఏటయ్యా, రోజూ గంజేనా? ఎండునెత్తళ్ళు పులుసెట్టలేవేటి?"

తవిటయ్య పులుసు పెట్టాడు. ఉప్పు రెండుసార్లు వేశాడు. ఆమె తిట్టుకుంటూనే అంతా తిన్నది.

విచారణ వారం తర్వాత జరిగింది. ముగ్గురు సభ్యులు.

"ఆ పెట్టెలు సర్దింది నువ్వేనా?"

"నేనేనండి."

"వాటిల్లో ఏముందో చూశావా?"

"సూడొద్దని ఆర్డరు కదండి."

 ధ్రువపత్రం మీద సంతకం ఎవరిదో చూశారు. ఉత్తర్వుమీద సంతకం ఎవరిదో చూశారు. ఫైలు మూసేశారు. సదరు అటెండరు చూపు మందగించినట్లు తోచుచున్నందున ఉచిత కళ్ళజోడు మంజూరు చేయవలెనని సిఫారసు చేశారు. యంత్రానికి ఈసారి సగం శుభ్రమైనవి, సగం ఉంగరాలవి చూపించి మధ్యేమార్గం నేర్పించాలని కూడా రాశారు.

ఆ చదువు కూడా ముగించుకుని యంత్రం తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం, ల్యాబులో తవిటయ్య ఒక్కడే ఉన్నప్పుడు, దక్షిణామూర్తి గారు లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. తెర ఉందన్నప్పుడల్లా మింగిన మాత్రల చేదుకు ముఖం పీక్కుపోయింది. చెవుల్లో హోరట.

"తవిటయ్యా," అన్నారు. చేతిలో ఒక స్లైడు ఉంది. రంగు వేసి ఉంది. "తెర ఒకసారి లేదంటుంది, ఒకసారి ఉందంటుంది. నాకు నిజంగా... నువ్వొకసారి..."

తవిటయ్య బొటనవేలి గోరుతో లక్కమూత తీశాడు. జేబులోంచి చీరముక్క ఒకటి తీసి అద్దం తుడిచాడు. కన్ను పెట్టాడు. స్లైడును అటూ ఇటూ జరిపి నెమ్మదిగా చూశాడు.

"లేదండి."

దక్షిణామూర్తి గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఖాయమేనా?"

"కంటితో సూసేనండి."

ఆయన లేచి తలుపుదాకా వెళ్ళారు. తవిటయ్య అప్పుడు అన్నాడు. "అరుగుమీద ఇరవైమంది ఉన్నారండి. ఆళ్ళయి కూడా సూసి, నూకరత్నమ్మ చేత కాగితం రాయిస్తానండి."

దక్షిణామూర్తి గారు వెనక్కు తిరగలేదు. "సీలు?"

"సీలు ఉంటాదండి."

ఆయన తలుపు తీసి వెళ్ళిపోయారు. కాదని అనలేదు. తవిటయ్య కిటికీలోంచి మొదటి మనిషిని పిలిచాడు.

ఆ లక్కమూత ఇప్పటికీ ఉంది. తీసి పెట్టి, తీసి పెట్టి అంచులు నున్నగా అరిగిపోయాయి. సీలు చెక్కుచెదరలేదని మాత్రం ప్రతినెలా పైకి ధ్రువపత్రం వెళుతుంది. దక్షిణామూర్తి గారు దాన్ని చూడకుండానే సంతకం పెడతారు.